నమ్ముకున్నవారికే వడ్డన

గౌరవనీయులైన సంపాదకులకు,

మార్చి దగ్గరపడుతోందంటే జీడిమెట్ల, బాలానగర్, చర్లపల్లి, పటాన్‌చెరు వైపు పాత సంస్థల అకౌంట్స్ విభాగాలకు ఒక కొటేషన్ వస్తుంది. ఏళ్ల తరబడి ఓ మూల గదిలో నడుస్తున్న ఏఎస్/400 మిషన్‌కు, అంటే ఐబీఎం వారి వ్యాపార కంప్యూటర్‌కు, సాఫ్ట్‌వేర్ సపోర్టు, హార్డ్‌వేర్ ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం) రెన్యువల్ అది. కిందటేటికంటే ఎంత పెరిగిందో అందులో కనబడుతుంది. ఎందుకు పెరిగిందో కనబడదు. అన్నీ కలిపి ఒకే మొత్తం, దాని కింద 18 శాతం జీఎస్టీ, ఇన్ని రోజుల్లో ఆర్డరు ఇవ్వకపోతే ధర మారుతుందన్న హెచ్చరిక. అంతే.

ఇలాంటి మిషన్లను రోజూ చూసుకునే కొందరం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. పాతికేళ్లుగా ఒకే వ్యవస్థను నమ్ముకున్న ఖాతాదారుడికి ధర తగ్గాల్సింది పోయి పెరుగుతోంది. మిషన్ ఎక్కువ పని చేస్తున్నందుకు పెంచితే అభ్యంతరం లేదు. ఎటూ కదల్లేడులే అన్న ధీమాతో పెంచుతున్నారన్నదే మా బాధ. మన మిషన్‌లో ఏముందో కొటేషన్ రాకముందే మనకు తెలిసి ఉంటే ఆ ధీమా చాలావరకు సడలుతుంది. అందుకే వివరంగా రాస్తున్నాం.

ఏఎస్/400ను ఐబీఎం 1988 జూన్ 21న ప్రకటించింది. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని రోచెస్టర్‌లో పుట్టిన మిషన్ ఇది. తర్వాత ఐసిరీస్ అన్నారు, సిస్టం ఐ అన్నారు. 2008 నుంచి పవర్ సర్వర్ల మీద ‘ఐబీఎం ఐ’ అనే ఆపరేటింగ్ సిస్టంగా నడుస్తోంది. మన దగ్గర మాత్రం ఇప్పటికీ అందరి నోటా ‘ఏఎస్ ఫోర్ హండ్రెడే’.

దీన్ని వదలకపోవడం వట్టి మొండితనమని బయటివాళ్లు అనుకుంటారు. అది నిజం కాదు. ఈ వ్యవస్థలో ప్రోగ్రాముకూ ప్రాసెసర్‌కూ మధ్య ఒక పొర ఉంటుంది. 1995లో 48 బిట్ల పాత ప్రాసెసర్ల నుంచి 64 బిట్ల పవర్‌పీసీకి మారినప్పుడు ఖాతాదారులు సోర్స్ కోడ్ మళ్లీ రాయలేదు. టేపు మీదున్న ప్రోగ్రామును కొత్త మిషన్‌లోకి రిస్టోర్ చేస్తే సిస్టమే దాన్ని మార్చుకుంది. డేటాబేస్, సెక్యూరిటీ, జాబ్ షెడ్యూలు, ప్రింటింగ్ అన్నీ ఆపరేటింగ్ సిస్టంలోనే ఉండటంతో వాటికి విడిగా మనుషులు అక్కర్లేదు. ఇక గ్రీన్ స్క్రీన్, అంటే అక్షరాలు మాత్రమే కనబడే తెర సంగతి. 24 వరుసలు, 80 అక్షరాలు. ఎఫ్4 కొడితే జాబితా, ఎఫ్12 కొడితే వెనక్కి, ఎఫ్3 కొడితే బయటికి. చేయి అలవాటైన గుమస్తా మౌస్ ముట్టుకోకుండా, తెర వైపు చూడకుండా ఇన్వాయిసు వెంట ఇన్వాయిసు కొట్టుకుపోతాడు. నెలాఖరు రోజున ఆ వేగం విలువేమిటో స్టోర్స్‌లో పనిచేసినవాళ్లకు తెలుసు.

కాబట్టి ఆ నమ్మకం ఊరికే వచ్చింది కాదు. దానికి ధర కట్టిన తీరు గురించే మా ఫిర్యాదు.

ఈ అలవాటు ఇవాళ్టిది కాదు. తొంభైల్లో సర్వర్ మోడళ్లు వచ్చినప్పుడు మిషన్ మొత్తం శక్తిలో గ్రీన్ స్క్రీన్ పనికి ఇంత అని గిరి గీశారు. ఆ గిరి పెంచుకోవాలంటే విడిగా డబ్బు కట్టాలి. గిరి దాటితే సీఎఫ్ఐఎన్‌టీ అనే సిస్టం టాస్కు లేచి సీపీయూను తినేసేది. ప్రాసెసర్‌లో శక్తి మిగిలే ఉన్నా స్క్రీన్లు నత్తనడక నడిచేవి. పాత ప్రోగ్రాములు నడిపే నమ్మకమైన ఖాతాదారుడే దానికి బలయ్యేవాడు, ఎందుకంటే గ్రీన్ స్క్రీన్ వాడేది అతనే. మెమరీ, డిస్కుల సంగతీ అంతే. దాదాపు ఒకే సరుకుకు యూనిక్స్ మిషన్‌లో ఒక ధర, ఇందులో ఇంకో ధర ఉండేది. 2008లో రెండు మిషన్ల వరుసలూ కలిశాక ఆ తేడా సర్దుకుంది. సర్దుకుందని చెప్పడం న్యాయం. అన్నేళ్లు ఎక్కువ కట్టినవారి డబ్బు మాత్రం తిరిగి రాలేదు.

ఇప్పుడు ధర ఎలా కడతారో చూద్దాం. ప్రతి మోడల్‌కూ ఒక సాఫ్ట్‌వేర్ గ్రూపు ఉంటుంది. అన్నిటికంటే చిన్నది పీ05, ఆపైన పీ10, పీ20, ఇలా పెరుగుతాయి. లైసెన్సు కోర్ (ప్రాసెసర్‌లోని ఒక్కో లెక్కింపు విభాగం) లెక్కన. చిన్న గ్రూపుల్లో అదికాక యూజర్ల లెక్క కూడా. లైసెన్సు మిషన్ సీరియల్ నంబరుకు ముడిపడి ఉంటుంది, మిషన్ మారిస్తే లైసెన్సు బదిలీ అన్నది మళ్లీ వేరే లావాదేవీ. దీని మీద ఏటేటా సాఫ్ట్‌వేర్ మెయింటెనెన్సు. మధ్యలో మానేసి తర్వాత మళ్లీ చేరాలంటే ‘ఆఫ్టర్ లైసెన్స్’ ఛార్జీ కట్టాలి. కరోనా ఏడాది ఖర్చు తగ్గించుకుందామని రెన్యువల్ ఆపిన సంస్థలు తర్వాత కొత్త వెర్షన్ కావాలన్నప్పుడు ఎదుర్కొనేది దీన్నే. 2022 నుంచి చిన్న మోడళ్లతో మొదలుపెట్టి చందా పద్ధతి తెచ్చారు. ఒకసారి కొనుక్కుంటే మనదైపోయే లైసెన్సు బదులు, కట్టినంతకాలమే మనది అన్నమాట. కొత్తగా వచ్చేవాడికి చందా సులువే. ఇరవై ఏళ్ల కింద లైసెన్సు కొని అప్పటి నుంచి మెయింటెనెన్సు కడుతున్నవాడికి మాత్రం కొన్న ఇంటికి మళ్లీ అద్దె కట్టినట్టు ఉంటుంది.

అసలు దెబ్బ గ్రూపు మారినప్పుడు తగులుతుంది. దీన్ని కాస్త నిదానంగా చెప్పాలి. పవర్8, పవర్9, పవర్10 తరాల మిషన్ల వరుసల్లో నాలుగు కోర్ల చిన్న మోడల్ పీ05లో ఉంటుంది. దానికి మెమరీ పరిమితి 64 జీబీ. మిషన్ నెమ్మదించింది, మెమరీ పెంచండి అని ఎవరైనా అన్నారనుకోండి, 64 దాటాలంటే పై మోడల్‌కు, అంటే పీ10కు పోవాలి. ఆ ఒక్క మెట్టు ఎక్కగానే ఆపరేటింగ్ సిస్టం ధర మారుతుంది. దానితోపాటు బ్యాకప్, రిపోర్టు, డేటా కాపీ సాఫ్ట్‌వేర్లు అమ్మే బయటి కంపెనీల్లో చాలా వరకు ఇదే గ్రూపు పట్టికను పట్టుకుని ధర కడతాయి కాబట్టి అవీ పెరుగుతాయి.

లెక్క అర్థమవడానికి కొన్ని అంకెలు వేసుకుందాం, ఇవి ఎవరి రేట్లూ కావు. సిస్టం సాఫ్ట్‌వేర్‌కు ఏడాదికి 3 లక్షలు, బయటి సాఫ్ట్‌వేర్లు రెండింటికీ కలిపి లక్ష, మొత్తం 4 లక్షలు కడుతున్న సంస్థ ఉందనుకోండి. మెమరీ ఖర్చు లక్షన్నర అనుకుందాం. గ్రూపు మారి అన్నీ రెట్టింపైతే ఏటా 8 లక్షలు. ఐదేళ్లకు అదనంగా 20 లక్షలు. లక్షన్నర మెమరీ అనుకున్నది 21 లక్షల 50 వేలకు తేలింది, కొత్త మోడల్ ధర దీనికి అదనం. జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోగలిగే ఫ్యాక్టరీ ఆ 18 శాతాన్ని సర్దుకుంటుంది. వైద్యసేవలకు పన్ను మినహాయింపు ఉన్న ఆసుపత్రికి ఆ క్రెడిట్ రాదు, 20 లక్షల మీద 3 లక్షల 60 వేలు నికరంగా చేతి నుంచి పోతాయి.

మెమరీ నిజంగా చాలడం లేదా అన్న ప్రశ్న చాలామంది అడగరు. పాత ఫైళ్లలో తీసేసిన రికార్డులు తీసేసినట్టే ఉండి చోటు మాత్రం ఖాళీ చేయవు. ఫైలు సృష్టించినప్పుడు తీసేసిన చోటును తిరిగి వాడుకో అన్న ఆప్షన్ పెట్టకపోతే కొత్త రికార్డులు చివరనే చేరుతుంటాయి. 10 లక్షల బతికున్న రికార్డులకు 40 లక్షల చచ్చిన రికార్డులున్న స్టాక్ ఫైళ్లు ఉంటాయి. మొదటి నుంచి చివరిదాకా చదివే రిపోర్టు ఆ 50 లక్షలనూ దాటుకుంటూ పోవాలి. ఫైలు వివరాలు చూపే కమాండులో బతికున్నవెన్నో తీసేసినవెన్నో పక్కపక్కనే కనబడతాయి. తీసేసినవి మూడోవంతు దాటితే రీఆర్గనైజ్ చేయాల్సిందే, అంటే చచ్చినవి తీసేసి ఫైలును సర్దాల్సిందే. మామూలు పద్ధతిలో దానికి ఫైలును ఎవరూ వాడకూడదు, రికార్డులను వెతికిపెట్టే ఇండెక్సులన్నీ మళ్లీ కట్టుకోవాలి. అందుకే బ్యాకప్ అయ్యాక ఆదివారం రాత్రి పెట్టుకోవాలి. పగటిపూట మొదలుపెట్టి మధ్యలో చంపేస్తే ఇండెక్సులు సగంలో ఉండి, సోమవారం పొద్దున మొదటి ఇన్వాయిసు కొట్టే మనిషి దగ్గర మిషన్ ఆగిపోతుంది.

డిస్కు నిండడం కూడా ఇలాంటిదే. సిస్టం డిస్కు 90 శాతం దాటితే హెచ్చరిక వస్తుంది, పూర్తిగా నిండితే మిషన్ పడిపోతుంది. కొత్త డిస్కులకు ఆర్డరు పెట్టేముందు డిస్కు సమాచారం సేకరించే కమాండు రాత్రి నడిపి, పొద్దున దాని రిపోర్టు ప్రింటు తీయండి. ఏళ్ల నాటి స్పూల్ ఫైళ్లు (ప్రింటు కోసం దాచినవి), ఎవరూ తీయని జర్నల్ రిసీవర్లు (డేటాలో మార్పులు నమోదయ్యేవి), ఎప్పుడో టెస్టింగ్‌కు కాపీ చేసుకున్న లైబ్రరీలు, చాలాచోట్ల పావు డిస్కు ఇవే తింటుంటాయి.

రెన్యువల్ తేదీకి 120 రోజుల ముందు కొన్ని పనులు పూర్తికావాలి. సిస్టం వాల్యూలలో (మిషన్ తన గురించి దాచుకునే వివరాల్లో) మోడల్, ప్రాసెసర్ ఫీచర్, సీరియల్ నంబరు మూడూ రాసుకుని కొటేషన్‌లోని వాటితో సరిచూడండి. ఎప్పుడో అమ్మేసిన మిషన్ సీరియల్ మీద సపోర్టు కడుతుండటం జరగని పని కాదు. లైసెన్స్ ప్రోగ్రాముల మెనూలో 10వ ఆప్షన్ మిషన్‌లో ఏమేం ఇన్‌స్టాల్ అయి ఉన్నాయో చెబుతుంది. లైసెన్సు సమాచారం కమాండు ఒక్కో ప్రోడక్టుకు అనుమతించిన యూజర్లెందరు, గరిష్ఠంగా వాడిందెందరు అన్నది చూపిస్తుంది. 60 మందికి డబ్బు కడుతూ గరిష్ఠ వాడకం 34 దగ్గరే ఉంటే ఆ తెర ప్రింటే మీ బేరం కాగితం. కొన్ని అదనపు ప్రోడక్టులకు 2022లో ధర తీసేశారు. అవి మీ కొటేషన్‌లో ఇంకా ధరతోనే ఉన్నాయేమో వరుసవరుసా చూసుకోండి. విడివిడి వరుసలు ఇవ్వని కొటేషన్‌ను వెనక్కి పంపండి. మొత్తం మీద 10 శాతం తగ్గిస్తాం అన్నమాటకు లొంగితే, అసలు అక్కర్లేని వరుసలకు 90 శాతం కట్టినట్టే.

ఐబీఎం ఐ వెర్షన్ల సంగతీ తెలిసి ఉండాలి. 7.3కు మామూలు సపోర్టు 2023 సెప్టెంబర్ 30తో ముగిసింది. 7.4కు ప్రకటించిన గడువు 2026 సెప్టెంబర్ 30. 7.4 నడవాలంటే కనీసం పవర్8, 7.5కు పవర్9, 2025లో వచ్చిన 7.6కు పవర్10 ఉండాలి. అంటే పవర్7 మిషన్ 7.3 దగ్గర ఆగిపోతుంది, ఎంత బాగా నడుస్తున్నా సరే. ఒక్క దూకులో రెండు వెర్షన్లకు మించి పైకి పోలేం. 7.1 మీదున్నవాళ్లు 7.5కు పోవాలంటే మధ్యలో 7.3 అనే మెట్టు తప్పదు. ఆ మెట్టుకు చాలాచోట్ల అద్దె మిషన్, ఇద్దరు మనుషులు, కనీసం రెండు వారాంతాలు కావాలి. ఈ ఖర్చు అమ్మకందారు కొటేషన్‌లో ఉండదు, ఆర్డరు ఇచ్చాక బయటపడుతుంది.

2008లో వచ్చిన 6.1 వెర్షన్‌కు ఇంకా రాని పాత మిషన్లకు మరో గండం ఉంది. ఆ వెర్షన్‌లోకి వచ్చేటప్పుడు ప్రతి ప్రోగ్రామూ మళ్లీ మారాలి, మారడానికి దాని సృష్టి సమాచారం అందులోనే ఉండాలి. చోటు మిగుల్చుకోవడానికి ఆ సమాచారం తీసేసిన ప్రోగ్రాములు మారవు, వాటి సోర్స్ కూడా పోయి ఉంటే మళ్లీ కంపైల్ చేసుకోనూ లేం. 5.4లోనే వీటిని వెతికి పెట్టే విశ్లేషణ కమాండు ఉంది. అది నడపకుండా మిషన్ ఆర్డరు ఇవ్వకండి. జీతాల ప్రోగ్రాము ఒక్కటి మారకపోతే మొత్తం ప్రాజెక్టు దాని దగ్గర కూర్చుంటుంది.

టేపుల్లోనూ ఇలాంటి ఉచ్చే ఉంది. ఎల్‌టీఓ రకం టేపు డ్రైవు ఒకప్పుడు తనకంటే రెండు తరాల పాత టేపు చదివేది. ఎల్‌టీఓ-8, ఎల్‌టీఓ-9లకు ఒక తరమే. కొత్త మిషన్‌తో కొత్త డ్రైవు తీసుకుని పాత మిషన్ తుక్కుకు ఇచ్చేస్తే, ఎల్‌టీఓ-4 మీద దాచిన ఎనిమిదేళ్ల ఖాతాలు చదివే దిక్కుండదు. కంపెనీల చట్టం ప్రకారం ఖాతా పుస్తకాలు ఎనిమిదేళ్లు ఉంచాలని గుర్తుంచుకోండి. పాత డ్రైవును ఉంచుకోండి, లేదా మిషన్ పంపేముందే కొత్త టేపులోకి ఎక్కించుకోండి. సేవ్ మెనూ 21వ ఆప్షన్‌తో మొత్తం సిస్టం బ్యాకప్ తీశామనగానే సరిపోదు. ఆ టేపు నుంచి వేరే మిషన్‌లో ఒక్కసారైనా రిస్టోర్ చేసి చూడాలి. అప్పుడు ఇంకో సంగతి బయటపడుతుంది. వేరే సీరియల్ నంబరు మీద ఐబీఎం ఐ లైసెన్సుకు 70 రోజుల వెసులుబాటు ఉంటుంది, బయటి సాఫ్ట్‌వేర్లలో కొన్ని మాత్రం ఆ క్షణమే ఆగిపోతాయి. విపత్తు కోసం ఉంచే మిషన్‌కు లైసెన్సు తాళాలు (కీలు) ముందే రాతపూర్వకంగా తీసుకోండి. ఆపద వేళ అడిగితే తాళానికి వేరే ధర చెబుతారు.

ఏఎంసీ బయటివాళ్లకు ఇస్తే చవక కదా అంటారు. హార్డ్‌వేర్ వరకు చాలాసార్లు నిజమే. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ల్యాప్‌టాప్ పార్టు దొరికినట్టు దీని పార్టులు దొరకవు. అందుకని, మీ మోడల్‌కు డిస్కు, పవర్ సప్లై, రెయిడ్ కార్డు (డిస్కులను కలిపి నడిపేది) కాష్ బ్యాటరీ హైదరాబాద్‌లోనే స్టాకు ఉన్నాయా అని కళ్లతో చూసి ఒప్పందం రాసుకోండి. వేరే ఊరి నుంచి తెప్పిస్తామంటే ఎన్ని గంటల్లో అన్నది కాగితం మీద ఉండాలి. కాష్ బ్యాటరీ గడువు సిస్టం ముందే చెబుతుంది. దాన్ని పట్టించుకోకపోతే కాష్ ఆగి, డిస్కు రాతలు మందగిస్తాయి. అప్పుడూ మిషన్ పాతదైపోయింది, కొత్తది కొనండి అన్న సలహానే వస్తుంది. ఆపరేటర్ మెసేజ్ క్యూ రోజూ ఎవరో ఒకరు చూడాలి. ఒక డిస్కు పోయినా డేటా నిలిచే రెయిడ్-5 అమరికలో ఒక డిస్కు పోయిన సంగతి మూడు వారాలు ఎవరూ చూడకపోతే, రెండోది పోయిన రోజు ఏ ఏఎంసీ కూడా డేటాను కాపాడలేదు. ఇక సాఫ్ట్‌వేర్ ప్యాచీలు బయటివాళ్లు ఇవ్వలేరు, అవి తయారీదారు సపోర్టు ఉన్నవారికే. పవర్8 నుంచి ఫర్మ్‌వేర్ (హార్డ్‌వేర్‌ను నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్‌కు కూడా గడువున్న తాళం పెట్టారు. ఇవి తెలిసి హార్డ్‌వేర్ ఒకరికి, సాఫ్ట్‌వేర్ ఒకరికి విడగొట్టుకోవచ్చు. తెలియక మొత్తం మానేస్తే ఆఫ్టర్ లైసెన్స్ ఛార్జీ ఎదురుచూస్తుంటుంది.

పాత వ్యవస్థతో ఇవాళ్టి చట్టాలు పాటించలేం, అందుకే మారండి అని భయపెట్టి అమ్మేవాళ్లూ ఉన్నారు. ఇందులో సగమే నిజం. కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పుకూ ఆడిట్ ట్రయల్ ఉండాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఈ మిషన్‌లో జర్నలింగ్ అన్నది మొదటి నుంచీ ఉన్న సదుపాయం. ఖాతాల ఫైళ్లకు జర్నల్ పెట్టి, మార్పుకు ముందు రూపం, తర్వాతి రూపం రెండూ రాయమని చెబితే ఏ యూజరు, ఏ ప్రోగ్రాము, ఏ క్షణంలో మార్చారో అంతా నమోదవుతుంది. తేడా కొట్టేది ఎక్కడంటే, తర్వాతి రూపం ఒక్కటే పెట్టి వదిలేస్తారు, అప్పుడు ఏ అంకె పోయి ఏ అంకె వచ్చిందో చెప్పలేం. లేదా స్టోర్స్‌లో అయిదుగురు ఒకే యూజర్ పేరుతో లాగిన్ అవుతారు, అప్పుడు ట్రయల్ ఉన్నా మనిషి దొరకడు. జర్నల్ రిసీవర్లను టేపుకు ఎక్కించాకే తొలగించాలి.

ఈ-ఇన్వాయిసు (జీఎస్టీ పోర్టల్‌లో బిల్లు నమోదు) దగ్గర మాత్రం వాళ్ల మాటలో బలముంది. 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్ల టర్నోవర్ దాటినవారికి, కొన్ని మినహాయింపులు పోను, అది తప్పనిసరి. పోర్టల్‌కు వెళ్లే సంబంధం టీఎల్ఎస్ 1.2 అనే భద్రతా పద్ధతి అడుగుతుంది, 5.4 వెర్షన్‌కు అది రాదు. అలాంటిచోట మిషన్ నుంచి ఫైలు తీసి మధ్యలో ఒక పీసీ ద్వారా పంపి, తిరిగొచ్చిన 64 అక్షరాల ఐఆర్ఎన్‌ను (ఇన్వాయిసు నమోదు సంఖ్యను) మళ్లీ లోపలికి ఎక్కించుకోవచ్చు. ఇన్వాయిసు నంబరు 16 అక్షరాలు దాటకూడదు, హెచ్ఎస్ఎన్ (సరుకు వర్గం కోడ్) ఆరు అంకెలు ఉండాలి. పాత ఫైల్లో హెచ్ఎస్ఎన్‌కు నాలుగే స్థానాలుంటే ఫైలు వెడల్పు పెంచి, దాన్ని వాడే ప్రతి ప్రోగ్రామూ మళ్లీ కంపైల్ చేయాలి. ఒక్కటి మరిచిపోతే లెవెల్ చెక్ తప్పుతో (ఫైలు రూపం ప్రోగ్రాముతో పొసగలేదని) అది నడిరాత్రి బ్యాచ్‌లో ఆగుతుంది.

చివరికి వెళ్లిపోదామనే అనుకున్నా, వెళ్లే దారిలో ఖర్చు ఎంతో తెలిసే వెళ్లాలి. ఈ మిషన్‌లో అంకెలు ప్యాక్ చేసి ఉంటాయి. ఏడంకెల మొత్తం నాలుగు బైట్లలో ఇమిడి, ఆఖరి అర బైటులో ప్లస్సో మైనస్సో ఉంటుంది. దాన్ని అక్షరాల ఫైలులా కాపీ చేస్తే అంకెలే చెడతాయి, అంకెలను సరిచేస్తూ గుర్తును వదిలేస్తే క్రెడిట్ నోట్లు డెబిట్లుగా మారతాయి. అక్షర వరుస కూడా వేరు. ఇక్కడ అక్షరాల తర్వాత అంకెలు, పీసీ లోకంలో అంకెల తర్వాత అక్షరాలు. ఐటెం కోడ్ వరుస మీద ఉపమొత్తాలు వేసే రిపోర్టు కొత్త చోట వేరే వరుసలో వస్తుంది, పాతదానితో పోల్చి చూసేవాళ్లు తలపట్టుకుంటారు. పాత ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరం 1940 నుంచి 2039 వరకే అర్థమవుతుంది. 15 ఏళ్ల రుణం 2025లో ఇచ్చి ఉంటే ఆఖరి వాయిదా 2040లో పడుతుంది, అంటే ఈ సమస్య రాబోయేది కాదు, వచ్చేసింది. ఉన్నా, వెళ్లినా దీన్ని సరిచేయాల్సిందే. వెళ్లేవారు కనీసం మూడు నెలాఖర్లు, వాటిలో ఒకటి మార్చి అయ్యేలా, రెండు వ్యవస్థలూ పక్కపక్కన నడపాలి. అంటే ఆ కాలమంతా రెండు చోట్లా డబ్బు కట్టాలి. ఇది కూడా తెలిసే పాత అమ్మకందారు ధర పెంచుతాడు.

మా విన్నపాలు కొన్ని ఉన్నాయి. తయారీదారులు, వారి పార్ట్‌నర్లు కొటేషన్‌లో ప్రతి వరుసకూ ధర విడిగా చూపించాలి, డాలరు రేటు వల్ల పెరిగిందెంత, జాబితా ధర వల్ల పెరిగిందెంత అన్నది విడదీయాలి. పదేళ్లు ఆగకుండా మెయింటెనెన్సు కట్టినవారికి గ్రూపు మారినా మూడేళ్లు పాత గ్రూపు ధరే ఉంచాలి. ఆగిపోయి తిరిగి చేరేవారి ఛార్జీ, ఆగిన కాలానికి కట్టాల్సిన మొత్తాన్ని మించకూడదు. ఇవి దయాధర్మాలు కావు. ఖాతాదారుడు వెళ్లిపోతే వచ్చే సున్నాతో పోలిస్తే అమ్మేవాడికీ లాభమే.

కొన్నాక చిక్కుకుపోయిన ఖాతాదారుడి బాధ మన దేశంలో చట్టానికి కొత్త కాదు. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ విడిభాగాల విషయంలో 14 కార్ల కంపెనీలపై ఉత్తర్వు ఇచ్చింది. జరిమానా మీద తర్వాత వాదాలు నడిచినా, కారు అమ్మాక పార్టుల మార్కెట్ అన్నది విడిగా చూడాల్సిందేనన్న ఆలోచన అందులో ఉంది. సాఫ్ట్‌వేర్ సపోర్టుకూ అదే ప్రశ్న వేయొచ్చు. కాకపోతే ఒక్కో సంస్థ ఒంటరిగా వేయలేదు.

అందుకే రెడ్‌హిల్స్‌లోని తెలంగాణ వాణిజ్య, పరిశ్రమల మండళ్ల సమాఖ్యను, పారిశ్రామికవాడల సంఘాలను కోరుతున్నాం. ఇలాంటి పాత మిషన్లున్న సభ్యులెవరో ఒక జాబితా చేయండి. మోడల్, గ్రూపు, వెర్షన్, కోర్లు, యూజర్లు, కట్టిన మొత్తం, రెన్యువల్ నెల, ఈ ఏడు వివరాలు సంస్థ పేరు లేకుండా ఒకచోట చేరితే చాలు, పక్క షెడ్డువాడు అదే పీ05కు ఎంత కడుతున్నాడో మొదటిసారి అందరికీ తెలుస్తుంది. రెన్యువల్ నెలలు కలిసినవారు కలిసి బేరమాడొచ్చు. దానికి కావాల్సిన ఒక పేజీ ఫారం మేం తయారుచేసి ఉంచాం. అడిగిన సంఘానికి ఇచ్చి, మొదటి విడత నింపడానికి మనుషులను కూడా పంపుతాం.

ఇట్లు,
ఏఎస్/400 వ్యవస్థల నిర్వాహకులు కొందరు,
బాలానగర్, హైదరాబాద్